వదిన పెట్టే చుక్క

ఆ ఇంట్లో పని పంపకం తేలిక. గీసేది వదిన, తిప్పేది మరదలు.

వదిన అంటే మరదలి భర్తకు అక్క. ఇరవై ఆరేళ్ళు ఒక డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా పనిచేసింది. యంత్రాల బొమ్మల మీద పల్చటి కాగితం పరిచి, సిరాకలంతో వాటిని గీతకు గీత ఎత్తి గీయడమే ఆమె ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, వచ్చినవాళ్ళెవరూ కొలతకు సరిపోలేదనేది. రిటైరయ్యాక రెండు ట్రంకుపెట్టెలూ ఒక కంపాసుపెట్టే పట్టుకుని తమ్ముడింటికి వచ్చేసింది. ఆడపడుచు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మరదలికి అప్పటికే చాలామంది చాలా చెప్పి ఉన్నారు కాబట్టి మొదటి నెలంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలింది. రెండో నెలలో గడియారం ఒంకరగా ఉందని వదిన, గడియారం కాదు గోడే ఒంకరని మరదలు గంటసేపు వాదించుకున్నారు. చివరికి స్కేలు పెట్టి కొలిస్తే రెండూ ఒంకరేనని తేలింది. ఆ తరవాత ఒళ్ళు దగ్గర పెట్టుకునే అవసరం ఇద్దరికీ లేకపోయింది.

ఈ గీయడం, తిప్పడం గొడవ తెచ్చిపెట్టింది మరదలే. డిగ్రీలో కంప్యూటరు ఒక పేపరుగా చదివి, ఆ చదువును పదిహేనేళ్ళపాటు వంటింటి డబ్బాలకు లేబుళ్ళు తయారు చేయడానికి వాడుకున్న మనిషి ఆమె. మధ్యాహ్నాలు వదిన పాత పేపర్ల మడతలు గోటితో సాపు చేస్తూ కూర్చోవడం చూడలేక, ఉచితంగా దొరికే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి దించి, పెన్నుతో గీస్తే గీత తెర మీద పడే పెన్ టాబ్లెట్ ఒకటి కొని ఆమె ముందు పెట్టింది. వదిన దానికి పలక అని పేరు పెట్టింది. మౌసుకు సబ్బుబిళ్ళ అని పెట్టింది. చేతిలో నిలవదు, కాస్త ఏమరితే ఎటో జారిపోతుందని దాన్ని ముట్టుకోవడమే మానేసింది. పలక మీద మాత్రం ఒక్క పూరేకు గీసింది. మరదలు ఆ రేకును ఒక వృత్తం మధ్యబిందువు చుట్టూ పదహారుసార్లు తిప్పి అతికించేసరికి తెర నిండా పువ్వు విచ్చుకుంది. వదిన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"పదహారు పళ్ళ చక్రానికి పదహారు పళ్ళూ చేత్తో గీసేదాన్ని," అంది. "ఒక్క పన్ను గీస్తే సరిపోయేదన్నమాట."

తిప్పడమూ అంత తేలికేం కాదు. రేకును ఎంచుకోగానే దాని నడుమ చిన్న కూడిక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తును ముందుగా లాక్కెళ్ళి వృత్తం నట్టనడుమ పెట్టాలి. అప్పుడే రేకు వృత్తం చుట్టూ తిరుగుతుంది. మరదలు రెండుసార్లకొకసారి ఆ సంగతి మరిచిపోయేది. రేకు ఉన్నచోటే గిరగిరా తిరిగి, పదహారూ ఒకదానిమీద ఒకటి పడి క్యాబేజీ తయారయ్యేది. "మళ్ళీ తన చుట్టూ తనే తిరుగుతోంది, అచ్చం మా తమ్ముడిలాగ," అనేది వదిన. పక్కగదిలో పేపరు చదువుతున్న తమ్ముడు వినపడనట్టు పేజీ తిప్పేవాడు.

స్నానాలగది కిటికీకి పగిలిన అద్దం మార్చడానికి వచ్చిన అద్దాలాయన ఆ తెర చూసి సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తలుపుల అద్దాలకు అంటించే మసక ఫిల్మును కోసే మిషను ఆయన దుకాణంలో ఉంది. ఫైలు ఇస్తే చాలు, చిన్న బ్లేడు గీతల వెంబడి నడిచి ఫిల్మును కోసిపెడుతుంది. కాకపోతే ఆయన దగ్గరున్న డిజైన్లు రెండే, ఒక హంస, ఒక ద్రాక్షగుత్తి. ఆ చుట్టుపక్కల తలుపు తీయాలంటే హంస మెడ పట్టుకోవలసిందే. ఈ పువ్వులు నాకివ్వండమ్మా అన్నాడు. అలా ఆ ఇద్దరూ పనిలో పడ్డారు.

మొదటి ఫైలు పంపిన సాయంత్రమే అద్దాలాయన ఫోను చేశాడు. గీత పొడుగునా ఉండే నోడ్లు, అంటే గీత మలుపు తిరిగే చిన్న చిన్న చుక్కలు, లెక్కకు మించి ఉన్నాయట. బ్లేడు ప్రతి నోడు దగ్గరా ఆగి ఆగి నడుస్తోందట, ఫిల్ము చిరిగిపోతోందట. గీత కాస్త నున్నగా ఉంటే బావుణ్ణన్నాడు. మరదలు రేకును జూమ్ చేసి చూసింది. దూరం నుంచి చక్కగా కనిపించిన అంచు దగ్గరికి వెళ్ళేసరికి వణుకుతోంది. రంపపు పళ్ళలాగా, చలిలో నిలబడ్డ మనిషి పెదవిలాగా. కొంతకాలంగా వదిన కాఫీ సగం కప్పే పోయించుకోవడం, గుండీల జాకెట్లన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోవడం అప్పుడు వరసగా గుర్తొచ్చాయి.

సాఫ్ట్‌వేర్‌లో గీతల్ని నున్నగా చేసే మీట ఒకటుంది. వదిన స్నానానికి వెళ్ళినప్పుడు మరదలు దాన్ని మూడుసార్లు నొక్కింది. వణుకంతా తుడుచుకుపోయింది. సేవ్ చేసింది. వదినకు చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు చేతిని నమ్ముకుని బతికిన మనిషికి నీ చేయి వణుకుతోందని ఏ నోటితో చెబుతాం? మంచిపనే చేశాననుకుంది. దొంగతనంగా చేసింది కాబట్టి ఇంకాస్త మంచిపనిలా అనిపించింది కూడా. పాత గీతను వేరే ఫైల్లో దాచి ఉంచాలన్న ఆలోచనే రాలేదు. మరక తుడిచాక మరకను దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఆ మొదటి డిజైను ఒక డాక్టరు గారి గది తలుపుకెక్కింది. చేతి సంగతి చూపించుకోవడానికని తమ్ముడితో కలిసి వదిన వెళ్ళింది సరిగ్గా ఆ డాక్టరు దగ్గరికే. వచ్చాక చెప్పులు విడుస్తూ, "అద్దం చూశాను, బాగా వచ్చింది," అంది. చెప్పులు గోడవారకు జరిపి, "నా చెయ్యి ఇంత బావుంటుందని నాకే తెలీదు," అంది. మరదలి ప్రాణానికి హాయిగా అనిపించింది. అప్పటికే రెండో డిజైను కూడా నున్నగా చేసి పంపేసి ఉంది.

మూడో డిజైను నుంచి వదిన రెండు కొత్త షరతులు పెట్టింది. రేకు గీశాక ఒక పూట తనదగ్గరే ఉంచుకుంటుంది, అప్పటిదాకా మరదలు ముట్టుకోకూడదు. ఎందుకంటే ఆరనివ్వాలట. తెర మీద ఆరడమేమిటి వదినా అని మరదలు నవ్వితే, సిరా అలవాటు, పోదులే అంది. రెండోది, తిప్పడం పూర్తయ్యాక పువ్వు నట్టనడుమ చుక్క తనే పెడుతుంది. చుక్క పెట్టడానికి గది తలుపు వేసుకునేది. సబ్బుబిళ్ళ ముట్టుకోదు కదా, ఒంటివేలితో కీబోర్డు మీద అంకెలు కొట్టుకుంటున్న చప్పుడు బయటికి వినిపించేది. టక్కు. చాలాసేపటికి ఇంకో టక్కు.

"ఒక్క చుక్కకి అరగంటా వదినా?" అని ఒకసారి తలుపు బయటినుంచి అడిగింది మరదలు.

"గీతదేముంది అమ్మాయ్, ఎవరైనా గీస్తారు," అంది లోపలినుంచి. "చుక్కకే పని ఎక్కువ."

మూడేళ్ళలో ఇరవై అయిదు డిజైన్లయ్యాయి. బ్యాంకు తలుపు, పళ్ళ డాక్టరు తలుపు, ఒక బట్టలకొట్టు, నాలుగైదు ఇళ్ళు. ఇరవై ఆరోది అన్నిటికంటే పెద్దది. గ్రంథాలయంలో మెట్ల మలుపు దగ్గర గుండ్రటి కిటికీ, అడ్డం అయిదడుగులు. లోపల ఒక వరస రేకులు, వాటి చుట్టూ ఇంకో వరస. లోపలి వరసకు రేకు గీసిన మధ్యాహ్నం వదినకు ఒళ్ళు వెచ్చబడింది. "ఆరనివ్వు," అని చెప్పి పడుకుంది. గ్రంథాలయంవాళ్ళు పెట్టిన గడువు దగ్గరికొచ్చేసింది. మరదలు ఆరనివ్వలేదు. వదిన నిద్రపోతుండగానే రేకును నున్నగా చేసి, తిప్పి, సేవ్ చేసింది.

మర్నాడు పొద్దున వదినను ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తులన్నారు. ఎనిమిది రోజులున్నారు అక్కడ. తొమ్మిదో రోజున ఇద్దరే ఇంటికి వచ్చారు.

పరామర్శకు వచ్చినవాళ్ళు తమ్ముడి చేతులు పట్టుకున్నారు. మరదలి చేతుల్లో ఖాళీ కప్పులు పెట్టారు. తోడబుట్టినవాడికి కదా దుఃఖం, అందులో తప్పేమీ లేదు. ఒకావిడ వంటింట్లోకి వచ్చి, ఇంక నీకూ కాస్త పని తగ్గుతుందిలే అని వీపు నిమిరి వెళ్ళింది. మరదలు అవునండీ అంది. కప్పులు కడుగుతుంటే ఒక కప్పులో సగం కాఫీ మిగిలి ఉంది. దాన్ని పారబోయడానికి చాలాసేపు పట్టింది.

మూడు వారాలకు అద్దాలాయన ఫోను చేశాడు. గ్రంథాలయంలో కిటికీకి చెక్క కొట్టి ఉంచారనీ, వానకు మెట్లు తడుస్తున్నాయనీ, తొందరేం లేదనీ చెప్పాడు. తొందర ఉన్నవాళ్ళు చెప్పినట్టే చెప్పాడు. బయటి వరస రేకు ఒక్కటే కదా తక్కువ, ఇంకెవరిచేతైనా గీయించమంటారా అని అడిగాడు. భర్త కూడా అదే అన్నాడు, రేకేగా, ఏదో ఒకటి పెట్టి పంపెయ్యరాదా అని. మరదలు వారం గడువడిగింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ బయటి వరసలో తిరిగే రేకు వదిన చేత్తో గీసినదై ఉండాలి. ఏ పాత డిజైనులోదైనా సరే, ఎంత చిన్నదైనా సరే.

పాత ఫైళ్ళన్నీ వరసగా తెరిచింది. బ్యాంకుది, బట్టలకొట్టుది, పళ్ళ డాక్టరుది. జూమ్ చేసి చూసింది. ఎక్కడ చూసినా గీత నున్నగా, తళతళలాడుతూ, కొట్లో కొన్న ప్లాస్టిక్ చెంచాలాగా ఉంది. ఎవరు గీశారంటే ఎవరైనా గీశారనొచ్చు. వెనక్కి వెళ్ళే మీట నొక్కి చూసింది. మూసిన ఫైలును మళ్ళీ తెరిస్తే ఆ మీట ఎంత నొక్కినా వెనక్కి వెళ్ళదు. మూడేళ్ళు వదిన చేయి అక్కడుంది. దాన్ని తనే, పనిగట్టుకుని, మూడేసిసార్లు మీట నొక్కి తుడిచేసింది. కంపాసుపెట్టె తెరిస్తే కంపాసుంది, గీతలు చెరిపే పాత బ్లేడు ముక్క కూడా ఉంది. ఆఫీసులో గీసిన కాగితాలన్నీ ఆఫీసువే. ఆ బ్లేడు గురించి వదిన ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ట్రేసింగ్ కాగితం మీద తప్పు పడితే బ్లేడుతో గీకేస్తారు, పైనుంచి చూస్తే తెలీదు, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మాత్రం గీకినచోటు తెలిసిపోతుంది, అంది. మరదలు అప్పుడు చిక్కుళ్ళు ఒలుస్తూ ఊకొట్టింది.

పోనీ తనే గీద్దామని పలక ముందేసుకుంది. మొదటిది వంకాయలా వచ్చింది. రెండోది వంకాయే, కాస్త ముదిరింది. పదోదాని దగ్గర పెన్ను పెట్టేసి, చీర మార్చుకుని, అద్దాలాయన దుకాణానికి బయల్దేరింది. ఇంకెవరిచేతైనా గీయించుకోండి, నావల్ల కాలేదని మొహం మీద చెప్పేసి వచ్చేయాలనుకుంది.

దుకాణంలో మిషను ఏదో పని మీద ఉంది. అద్దాలాయన స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ గురించి రెండు మంచి మాటలు చెప్పి, ఆవిడ చుక్కతోనే నాకు చచ్చేచావయ్యేదమ్మా అని నవ్వి, అలా నవ్వినందుకు నాలిక్కరుచుకున్నాడు. చుక్కేమిటని మరదలు అడిగింది.

"మధ్యలో చుక్కండి. ఆవగింజంత లేదు, మిషను అక్కడికి రాగానే పట్టుకుని పదినిమిషాలు వదలదు. వణికిపోతది. ఫిల్ము పొడుమైపోయేది. నేను కన్నాలు పొడిచే దాంతో చుక్క కొట్టి అంటించేవాణ్ణి."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఆయన మిషను మీది ఫిల్ము పొడుం చేత్తో దులిపాడు.

"ఆవిడకి చెప్పానమ్మా. మీరు అద్దానికి ఏ చుక్క కావాలంటే అది అంటించుకోండి, ఫైల్లోది మాత్రం కదపొద్దన్నారు. మా మరదలికి చెప్పొద్దని కూడా అన్నారు." తల గోక్కున్నాడు. "ఇంక చెప్పొచ్చో లేదో నాకు తెలీదు."

మరదలు చెప్పవలసింది చెప్పకుండానే ఇంటికి వచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని ఇరవై అయిదో ఫైలు తెరిచింది. చుక్క దగ్గరికి జూమ్ చేసింది. చుక్క కందిగింజంతయింది. ఇంకా చేసింది. అంచులు గరుకుగా కనిపించాయి. ఇంకా. ఇలా గీసిన బొమ్మల్ని ఎంత కుదించినా ఏ వివరమూ పోదని, మళ్ళీ పెద్దది చేస్తే గీసినప్పటిలాగే ఉంటుందన్నది ఆమె స్వయంగా వదినకు మొదటిరోజే నేర్పిన పాఠం. వదిన శ్రద్ధగా నేర్చుకుంది. చుక్క తెర నిండా పరుచుకునేసరికి అది చుక్క కాదు. రేకు.

నున్నగా చేయని రేకు. మొదలు దగ్గర గట్టిగా, పైకి ఎక్కేకొద్దీ వణుకుతూ, కొస దగ్గర దారి తప్పి, ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు మళ్ళీ దారికొచ్చి, కిందికి దిగిన రేకు. వదిన ఆ పెన్ను పట్టుకుని నాలుక కొరుక్కుంటూ గీస్తున్నట్టే ఉంది.

ఆరనివ్వడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. మరదలి చెయ్యి పడేలోపు నకలు తీసి పెట్టుకోవడం. ఆ టక్కు టక్కులు, రేకును ఎన్నోవంతుకు కుదించాలో ఆ అంకెలు.

ఒక్కొక్క ఫైలూ మళ్ళీ తెరిచింది. ఇరవై నాలుగు, ఇరవై మూడు, పన్నెండు, ఏడు. ప్రతిదాని నడుమా ఆ డిజైను తాలూకు రేకు, గీసింది గీసినట్టుగా. వెనక్కి పోయేకొద్దీ వణుకు తగ్గుతూ వచ్చింది. వదిన రోజురోజుకూ కోలుకుంటున్నట్టే ఉంది. మూడో ఫైల్లోనూ ఉంది. రెండో ఫైల్లో లేదు, ఒకటో ఫైల్లో లేదు.

అంటే డాక్టరు గారి తలుపు చూసి వచ్చిన రోజు నుంచే వదినకు తెలుసు. నా చెయ్యి ఇంత బావుంటుందని నాకే తెలీదు, అంది. మూడేళ్ళు, ఇరవై మూడు రేకులు, ఒక్కసారైనా అడగలేదు. మరదలు చెప్పడానికి మొహమాటపడింది కాబట్టి తనూ మొహమాటపడింది. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ వచ్చారు.

మరదలు ఇరవై ఆరో ఫైలు తెరిచింది. చూడకుండానే తెలుసు, అయినా జూమ్ చేసింది. నట్టనడుమ తెల్లగా, ఎంత దగ్గరికి వెళ్ళినా తెల్లగానే ఉంది. చుక్క ఎప్పుడూ చివరికి కదా పెట్టేది. లోపలి వరస రేకు అసలుది ఇంక ఎక్కడా లేదు. ఆరనివ్వమని వదిన అడిగిన చివరి పూట అది.

చాలాసేపటికి లేచి చెప్పులు విప్పింది. మళ్ళీ వచ్చి కూర్చుని, ఇరవై అయిదో దానిలోంచి రేకును కాపీ చేసి తెచ్చి, పెద్దది చేసి, బయటి వరసలో పెట్టింది. నున్నగా చేసే మీట జోలికి పోలేదు. కూడిక గుర్తును జాగ్రత్తగా లాక్కెళ్ళి వృత్తం నట్టనడుమ పెట్టింది. ఈసారి మరిచిపోలేదు. తిప్పింది.

పదహారు రేకులూ ఒకేచోట వణికాయి, ఒకేచోట దారి తప్పాయి, ఒకేచోట ఊపిరి పీల్చుకుని మళ్ళీ దారికొచ్చాయి. చూస్తుంటే ఎక్కడా తప్పులా లేదు. నీళ్ళ మీద గాలి వీచినట్టుగా, కావాలని అలా అల్లినట్టుగా ఉంది. లోపలి వరస నున్నటి రేకులు దాని పక్కన వెలవెలబోయాయి. వణుకు ఒక్క రేకులో ఉన్నప్పుడు కదా వణుకు. ఈ ముక్క తెలుసుకోవడానికి నున్నగా చేయకముందు ఒక్కసారి తిప్పి చూస్తే సరిపోయేది. వణుకు కంటబడ్డాక, ఈ మూడేళ్ళలో, ఆమె ఒక్క రేకునైనా ఉన్నదున్నట్టు తిప్పి చూడలేదు. తిప్పడమే కదా తన పని.

టీ కోసం వచ్చిన భర్త వెనక నిలబడ్డాడు. బొమ్మల గురించి ఆయనకు ఏమీ తెలీదు. అయిదు నిమిషాలు అలాగే చూశాడు.

"అక్క," అన్నాడు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మరదలికి కన్నీళ్ళు రావడం అదే మొదలు. ఆయన ఆమె చేయి పట్టుకున్నాడు. ఎవరిని ఎవరు పరామర్శిస్తున్నారో చెప్పడం కష్టం.

అద్దాలాయన ఫైలు చూసి, ఇదేమిటమ్మా మళ్ళీ మొదటికొచ్చామే అన్నాడు. గీత ముట్టుకోవద్దని, ఎంతసేపు పడితే అంతసేపు కానిమ్మని మరదలు చెప్పింది. మిషనును అన్నిటికంటే నెమ్మదిగా పెట్టి, బ్లేడు నాలుగుసార్లు మార్చి, రెండు రోజులు దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడట. చంటిపిల్లను నడిపించినట్టు నడిపించానమ్మా అని ఫోనులో చెప్పుకున్నాడు.

కిటికీ బిగించిన మధ్యాహ్నం మరదలు గ్రంథాలయానికి వెళ్ళింది. చెక్క తీసేశారు. మెట్ల మలుపులో తడి ఆరిన మరకలు ఇంకా ఉన్నాయి. అద్దంలోంచి ఎండ దిగి ఎదురుగోడ మీద గుండ్రంగా పడింది. లోపలి వరస కదలకుండా ఉంది, బయటి వరస మాత్రం ఏ మెట్టు మీద నిలబడి చూసినా మెల్లగా కదులుతున్నట్టే ఉంది. పుస్తకాలు పట్టుకుని దిగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక నిమిషం ఆగి చూసి, ఏదో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

అద్దాలాయన నిచ్చెన దిగి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి చూశాడు.

"మధ్యలో చుక్క మర్చిపోయినట్టున్నారమ్మా. నా దగ్గర ముక్క ఉంది, అంటించెయ్యనా?"

"మర్చిపోలేదండీ," అంది మరదలు. "ఆ చుక్క నా దగ్గర లేదు."

ఆయన నిచ్చెన మడిచి గోడకు ఆనించాడు. మరదలు ఎండ గోడ మీద నుంచి జరిగిపోయేదాకా ఆ మెట్టు మీదే నిలబడి, ఖాళీగా ఉన్న ఆ నడిమధ్య చోటునే చూస్తూ ఉంది.